దెబోరా కోసేసిన ముక్క

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినాయన కూతురు దెబోరా. దయ్యాల సినిమాలంటే ఆమెకు ప్రాణం, అందులోనూ పాత బ్రిటిష్ సినిమాలు. పొగమంచు, కొండమీద కోట, కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగే పిల్ల. పుంగనూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, ఆదివారం మధ్యాహ్నాలు ఆ సినిమాల మంచిచెడ్డలు యూట్యూబులో తెలుగులో మాట్లాడేది. "విశ్వాసురాలివి, నీకీ దయ్యాల గోలేందమ్మా?" అని సంఘపెద్దలు అడిగితే, "వాటిల్లో ఆఖరికి గెలిచేది సిలువే గదయ్యా" అనేది.

మాట ఎటు తిరిగినా చివరికి సెన్సారు మీద పడేది. "అక్కడి బోర్డు నెత్తురు ఎక్కువైందని కోసింది. ఇక్కడి బోర్డు ఇంకాస్త కోసింది. మన ఊరికొచ్చేసరికి పిశాచి తలుపు తీస్తాడు, మరుక్షణం పిల్ల శవమై ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి" అనేది.

ఆ వీడియో చూసి కుప్పం నుంచి ఒక ముసలాయన ఫోన్ చేశాడు. పేరు గోవిందప్ప. ఒకప్పుడు బైరెడ్డిపల్లె వైపు తిరిగే డేరా టాకీసులో ఆపరేటరు. "నువ్వు చెప్తాండే ఆ నెత్తురు తాగే దొర సినిమా నేను ఆడించినానమ్మా. బోర్డోళ్ళు కోసింది కొంచెమే. మిగతాది నేను కోసినా" అన్నాడు.

దెబోరా బస్సెక్కి కుప్పం వెళ్ళింది. గోవిందప్ప ఉతికిన పంచె కట్టుకుని, కోడలు పూలమ్మ చేత తల దువ్వించుకుని, ఆమె రికార్డింగుకు పెట్టిన ఫోను ముందు కూర్చున్నాడు.

"తెర మీద దొర ఊరోళ్ళ నెత్తురు తాగతాండాడు. నేల టికెట్టులో మా మునిస్వామి లేసి, 'ఒరే, ఈడు మన పెద్దాయన రా!' అనె. డేరా అంతా ఒకటే నవ్వు. పెద్దాయనంటే ఆ పక్క భూములన్నీ ఏలినోడు. తెల్లారి ఆయన మనుషులొచ్చి నా చేతనే ఆ ముక్క కోయించిరి. మునిస్వామిని సంతలో పడేసి కొట్టిరి. వాడు పెండ్లాం బిడ్డల్ని తీసుకోని కోలారు పక్క పోయె. మల్లా రాలే. నేను నోరెత్తలే." ఆ పెద్దాయన పేరు, ఊరు కూడా చెప్పాడు గోవిందప్ప. "వాని పిల్లోళ్ళు యాడన్నా సూస్తారేమో. వాళ్ళ నాయన తప్పు జేసి పారిపోలేదని తెలియాల."

ఆ పేరు దెబోరాకు బాగా తెలిసిందే. ఆమె కాలేజీని నడిపే కరస్పాండెంటు ఆ పెద్దాయన మనవడే.

"నిజమే కావచ్చు. కానీ ఉండే ఉద్యోగం పోగొట్టుకోని ఏం జేస్తాం? తీసెయ్ ఆ మాట" అన్నాడు భర్త డానీ. ముందు పెద్దాయన పేరొక్కటే తీసింది. తర్వాత ఊరి పేరు. అవి లేకపోయేసరికి మునిస్వామి కేక అర్థం కాలేదు, అదీ తీసింది. చివరికి రీళ్ళ కబుర్లు, వానకు డేరా కారిన కబుర్లు మిగిలాయి. అసలు రికార్డింగు ఫోనులో ఉండటమే ప్రమాదమనిపించి దాన్నీ చెరిపేసింది.

వీడియో వచ్చిన రోజు గోవిందప్ప వీధివీధంతా పిలిచి చూపించాడు. చూశాక ఫోన్ చేశాడు.

"అమ్మా, మునిస్వామి యాడ?"

"శానా పొడుగైందప్పా..." అంది.

"సరేమ్మా" అని పెట్టేశాడు.

దెబోరా మళ్ళీ కుప్పం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పుకుంది. ఆయన కోప్పడలేదు. "పోనీలేమ్మా. ఉద్యోగం పోతే నీకెవురు పెడతారు? ఆ పొద్దు నేనూ అట్లే అనుకుంటి" అన్నాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

"ఇంకొకసారి చెప్పండప్పా, ఈసారి మొత్తం పెడతాను."

"ఒకసారి చెప్పేదానికే ఇన్నేండ్లు పట్టె. మల్లా నాతో కాదమ్మా."

వానలు మొదలయ్యాక పూలమ్మ ఫోన్ చేసింది. మామ పోయాడని చెప్పి, "ఆ మునిస్వామి ముక్క నీకాడ ఉంటే పంపమ్మా, మామ గొంతు ఒకసారి వినాల" అంది. తానే చెరిపేశానని చెప్పలేక, "చూస్తానమ్మా" అని పెట్టేసింది దెబోరా.

ఆ ఆదివారం కెమెరా ముందు కూర్చుని జరిగిందంతా తానే చెప్పింది, పెద్దాయన పేరుతో సహా, తాను కోసిన సంగతితో సహా. కరస్పాండెంటు గది నుంచి ఏ రోజైనా పిలుపు వస్తుందని కాచుకుంది. ఒకరోజు కాలేజీ వరండాలో కరస్పాండెంటు ఎదురై ఆపాడు.

"మీ వీడియో సూసినా మేడం. మా తాత అట్లాంటోడేనంట. మా నాయన గూడా చెప్పేవాడు" అన్నాడు. ఆ వెంటనే పరీక్షల డ్యూటీ గురించి ఏదో అడిగి వెళ్ళిపోయాడు.

ఆయన కేకలేసినా, ఉద్యోగం తీసేసినా, దెబోరా భయపడి ఆ ముక్క కోసినందుకు ఒక కారణమైనా మిగిలేది. కోలారు వైపు నుంచి మునిస్వామి పిల్లలు ఇంతవరకు ఎవరూ ఫోన్ చేయలేదు.