‘నేను తాగలేదమ్మా’ అన్న పాప

2023 మే నెల. అనంతపురం నుంచి శింగనమల వైపు వెళ్లే దారిలో, ఊరికి దూరంగా ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సమ్మర్ క్యాంపు పెట్టారు. పగలు ఆటలు, బొమ్మలు, యోగా. రాత్రి పడక అక్కడే, హాస్టల్ గదుల్లో. చాలా ఏళ్లు పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి మానేసిన నన్ను క్యాంపు నర్సుగా రమ్మన్నారు.

ఈ పని చూసేవాళ్లకు తేలికగానే కనిపిస్తుంది. మోకాలు గీసుకున్నవాడికి మందు రాయాలి. కడుపునొప్పి అని వచ్చిన పిల్లకు నిజంగా కడుపే నొప్పా, ఇంటి మీద బెంగా అని కనుక్కోవాలి. అసలు చిక్కంతా ఎండతోనే. మే నెలలో మా జిల్లాలో పొద్దున తొమ్మిదికే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు తగులుతుంది. అందుకని ఆటలన్నీ తెల్లవారగానే మొదలుపెట్టేవాళ్లు. మధ్యమధ్యలో పీటీ సారు ఓబులేసు విజిల్ వేసేవాడు. విజిల్ వినబడితే పిల్లలంతా నీళ్ల బాటిళ్లు ఎత్తాలి.

లిఖిత ధర్మవరం పిల్ల. పదేళ్లుంటాయి. అమ్మానాయనలు మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. ఇల్లు వదిలి ఉండటం అదే మొదటిసారి. చేర్చుకునేటప్పుడు వాళ్లమ్మ నాగలక్ష్మిని అడిగాను.

“పాపకు ఏమన్నా జబ్బులు ఉన్నాయా? మందులు వాడుతుందా?”

“ఏం లేవు సిస్టర్. బంగారట్లా బిడ్డ. ఏం చెప్తే అది వింటాది.”

నిజంగానే అల్లరి లేదు. విజిల్ వేస్తే అందరితోపాటు బాటిల్ ఎత్తేది. ఆ బాటిల్ ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది. నింపుకుంటోంది కాబట్టి తాగుతోందనే అనుకున్నాం.

మూడోరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర వార్డెన్ రమణమ్మ పిల్లల్ని లెక్కపెడితే ఒకరు తగ్గారు.

“లిఖిత యాడ?”

ఖోఖో దాకా ఉందన్నారు పిల్లలు. తర్వాత ఎవరూ చూడలేదు. బాత్రూముల్లో వెతికారు, మేడ మీద వెతికారు. లేదు. స్కూలు కంచె అవతల పాడుబడిన బావి ఒకటి ఉంది. దాని పేరు ఎవరూ ఎత్తలేదు గానీ, ఓబులేసు ఆ వైపే పరుగెత్తాడు. బావి వైపు చూసే ధైర్యం లేక నేను హాస్టల్ వెనక్కి వెళ్లాను.

అక్కడ రాతిగుండ్ల మధ్య పడి ఉంది పాప. పక్కనే ఒక బండ మీద పరిచిన దుప్పటి. చెయ్యి పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టు కాలింది. చర్మం పొడిబారిపోయి, చుక్క చెమట లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

దాన్ని హీట్ స్ట్రోక్ అంటారు, వడదెబ్బల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది. ఒళ్లు తన వేడిని తాను తగ్గించుకోలేని స్థితికి వస్తుంది. ఆ వేడి మెదడునీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తుంది. త్వరగా చల్లబరచకపోతే పిల్లలు దక్కరు. వార్డులో అలా దక్కని పిల్లల్ని చూశాను.

రమణమ్మను కేకేసి పిలిచి, ఇద్దరం ఎత్తుకుని వరండాలోకి తెచ్చాం. థర్మామీటరు నూట ఆరు చూపించింది. అంబులెన్సుకు ఫోన్ చేయించి, బకెట్లతో నీళ్లు తెప్పించి ఒంటి మీద పోస్తూ ఫ్యాన్లు పెట్టించాను. రమణమ్మ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది.

“రవ్వన్ని నీళ్లు తాపుదాం సిస్టర్. నోరంతా పిడచకట్టుకపోయినాది.”

“వద్దు! స్పృహ లేని పిల్లకు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటి మీద పొయ్యి.”

అప్పుడే పాప పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను.

“నేను తాగలేదమ్మా. ఒట్టు. నేను తాగలేదు.”

రమణమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అంబులెన్సులో నేనూ ఓబులేసూ ఎక్కాం. దారి పొడవునా అదే మాట. ఆసుపత్రిలో డాక్టరు సెలైన్ పెట్టించి, ఐస్ ప్యాకులు పెట్టిస్తూ ఆ మాట విన్నాడు.

“ఏం తాగలేదంటోంది? ఎవరైనా ఏమన్నా తాపారా? అక్కడ దగ్గర్లో పొలాలున్నాయా?”

“కంచె పక్కనే టమాటా తోట ఉండాది సార్,” అన్నాడు ఓబులేసు. “పురుగుమందు కొడతాంటారు.”

విషమేమో అన్న ఆలోచన వచ్చాక అందరి ముఖాలూ మారిపోయాయి. డాక్టరు పాప కంటిపాపలు చూశాడు, నోరు వాసన చూశాడు. విషం లక్షణాలు కనిపించడం లేదు గానీ, లేదని ఖాయంగా చెప్పలేనన్నాడు. తోటలో మందు డబ్బాలేమన్నా తెరిచి ఉన్నాయేమో చూడమని ఓబులేసు క్యాంపుకు ఫోన్ చేశాడు.

అంతలో కబురు తెలిసి ధర్మవరం నుంచి బైకు మీద తల్లీతండ్రీ వచ్చారు.

“నా బిడ్డ యాడుండాది? ఏమైందప్పా నా బిడ్డకు?” అంటూ నాగలక్ష్మి మంచం మీద పడబోయింది. ఆ గొంతు పాపకు వినబడింది కాబోలు.

“అమ్మా, నేను తాగలేదమ్మా.”

నాగలక్ష్మి మంచం కోడు పట్టుకుని నేల మీదికి జారిపోయింది.

“నీళ్లు సార్! నీళ్ల సంగతి చెప్తాండాది. నేనే తాగొద్దని చెప్పినా.”

“ఏం జెప్పినావే నువ్వు?” అన్నాడు తండ్రి.

ఆమె ముఖం కొంగులో దాచుకుని చెప్పింది. “రాత్రిపూట పక్క తడుపుతాది సిస్టర్. ఇంగా మానలేదు. నలుగురు పిల్లల్లో నగుబాటైతాదని, పొద్దు గూకినాక చుక్క ముట్టొద్దని చెప్పి పంపినా. పగలు గూడా మానేస్తాదని నాకేం తెలుసు?”

విషం భయం పోయింది. అసలు భయం అలాగే ఉంది. మూత్రపిండాలు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి కాథెటర్ అనే సన్నటి గొట్టం వేసి, దాని చివర యూరిన్ బ్యాగ్ తగిలిస్తారు. పాప బ్యాగ్ ఖాళీగా ఉంది. ఒక సెలైన్ సీసా అయిపోయింది, రెండోది ఎక్కించారు. ఒంటి వేడి దిగుతోంది. బ్యాగ్ మాత్రం ఖాళీ. డాక్టరు మాటిమాటికీ వచ్చి బ్యాగ్ చూసి వెళ్తున్నాడు. చుక్క కూడా రాకపోతే మూత్రపిండాలు దెబ్బతిన్నట్టేనని నర్సులకు తెలుసు. నేను నాగలక్ష్మికి చెప్పలేదు. కానీ ఆమె నా కళ్లెటు పోతున్నాయో గమనించింది. తనూ నేల మీద కూర్చుని ఆ బ్యాగ్ వైపే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం చీకటి పడబోతుండగా గొట్టంలో ముదురు టీ రంగులో ఒక చార కదిలింది.

“వచ్చినాది సిస్టర్! చూడండి, ఉచ్చ వచ్చినాది!” అని నాగలక్ష్మి వార్డంతా వినబడేలా అరిచింది. ఎవరికీ తెలియకూడదని దాచిన తల్లి ఆమే. తండ్రి గోడకు తల ఆనించి ఏడ్చాడు.

మర్నాటికి పాప మనుషుల్ని గుర్తుపట్టింది. ఇంకో నాలుగు రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు. వెళ్లేలోపు నాతో చిన్నగా చెప్పింది. మొదటి రాత్రి అమ్మ చెప్పినట్టే తాగకుండా పడుకుందట. అయినా పక్క తడిసింది. పగలు తాగిన నీళ్ల వల్లేననుకుని పగలు కూడా మానేసింది. విజిల్ వేసినప్పుడు బాటిల్ పెదాలకు ఆనించి దించేసేది. ఆరోజు ఎవరూ చూడకుండా దుప్పటి ఆరేయడానికే హాస్టల్ వెనక్కి వెళ్లింది.

పదేళ్ల వయసులోనూ కొందరు పిల్లలు నిద్రలో పక్క తడుపుతారు. అది తప్పు కాదు, సోమరితనమూ కాదు. ముందే ఒక మాట చెబితే చాలు. కింద రబ్బరు షీటు వేస్తాం, పడుకునే ముందు బాత్రూముకు పంపుతాం, తక్కినవాళ్లు లేవకముందే దుప్పటి మార్చేస్తాం. పక్క మంచం పిల్లకు కూడా తెలియదు. జబ్బులున్నాయా అని అడిగితే ఇలాంటివి బయటికి రావు, ఎందుకంటే తల్లిదండ్రులు దీన్ని జబ్బనుకోరు, పరువు సంగతి అనుకుంటారు.

అందుకే ఇప్పుడు ప్రతి క్యాంపులోనూ తల్లిదండ్రుల్ని విడిగా కూర్చోబెట్టి ఇంకో ప్రశ్న వేస్తాను. “ఇక్కడ ఏం చేయొద్దని చెప్పి పంపుతున్నారు?”

చాలామంది నవ్వుతారు. ఏడవొద్దని చెప్పామంటారు, ఫోన్ అడగొద్దని చెప్పామంటారు. పోయిన ఎండాకాలం కొత్తచెరువు నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒక రైతు మాత్రం గర్వంగా చెప్పాడు. “సార్లు ఏం చేసినా, ఏమన్నా నోరెత్తొద్దని గట్టిగా చెప్పినా సిస్టర్. మావాడు చచ్చినా నోరెత్తడు.”

“అన్నా, పిల్లోన్ని పిలువు. ఆ మాట వద్దని నా ముందరే చెప్పు,” అన్నాను. ఆయన కొడుకును పిలిచి, వాడి ముందు గొంతుక్కూర్చుని, భుజాల మీద చేతులు వేశాడు.

“ఇందాక చెప్పింది మరిసిపో నాయనా. ఏమన్నా అయితే గట్టిగా అరువు. ఎవరేమనుకున్నా సరే, అరువు.”