ఆ నీళ్ళు సముద్రానివి కావు

నా ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదట తెలిసింది తూత్తుకుడి సముద్రంలో, ఒక ఆదివారం పొద్దున. నేనూ నా స్నేహితురాలు సెల్వీ ఈత ప్రాక్టీసుకు దిగాం. అలలు పెద్దగా లేవు. ఒడ్డు వెంబడే కొంత దూరం ఈది వెనక్కి తిరిగేసరికి ఊపిరి చాలడం లేదనిపించింది. అలసట ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది భుజాల్లో, కాళ్ళలో ఉంటుంది, ఆగితే తగ్గుతుంది. ఇది ఆగినా తగ్గలేదు. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో గురగురమంది. కొబ్బరిబోండాం అడుగున మిగిలిన నీళ్ళను స్ట్రాతో లాగితే వచ్చే చప్పుడు అది. నా లోపలి నుంచి అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు.

ఇసుకలో కూర్చుని దగ్గి ఉమ్మితే నురగ పడింది. అందులో లేత గులాబీ రంగు ఉంది.

"నాలుక కొరుక్కున్నావేమో అక్కా. ఉప్పునీళ్ళు మింగి ఉంటావు" అంది సెల్వి తమిళంలో. నా వీపు రాస్తూ కూర్చుంది. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. కానీ కోవిల్‌పట్టికి తిరిగి వచ్చే దారంతా ఆ రంగే కళ్ళముందు ఉంది.

నా పేరు వసంత. వయసు నలభై దాటింది. ఉండేది కోవిల్‌పట్టిలో. విరుదునగర్‌లో ఒక కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించి పవర్ రాసిచ్చే పని నాది. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. మా ఆయన నా మేనత్త కొడుకే, కాబట్టి ఇప్పటికీ బావ అనే పిలుస్తాను. ఒట్టపిడారం వైపు మాకు నల్లరేగడి పొలం ఉంది. మినుము, మిరప వేస్తాడు. మాకొక కూతురు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. సెల్వి ఇక్కడి స్కూల్లో ఆటల టీచరు. సైకిల్ తొక్కుదాం రమ్మని నన్ను మొదట లాక్కెళ్ళింది ఆమే. సైకిల్ తర్వాత పరుగు, పరుగు తర్వాత ఈత. చివరికి ఇద్దరం ఒక లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కు పేరు ఇచ్చాం. సముద్రంలో దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, వెంటనే తొంభై కిలోమీటర్ల సైకిల్, ఆ వెంటనే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. నా జీవితంలో అంత పెద్ద పోటీ అదే మొదటిది.

మర్నాడు కోవిల్‌పట్టిలో ఒక క్లినిక్‌కి వెళ్ళి గులాబీ రంగు సంగతి కూడా చెప్పాను. డాక్టరు స్టెతస్కోప్ పెట్టి చూసి, "పిల్లికూతలు లేవు, చెస్ట్ క్లియర్" అన్నారు. ఎక్స్‌రేలో కూడా ఏమీ కనిపించలేదు. బీపీ మాత్రం ఎక్కువగా ఉంది. "కంగారులో పెరిగి ఉంటుందిలే" అన్నారు. ఉప్పునీళ్ళ అలర్జీ కావచ్చని ఒక ఇన్‌హేలర్ రాసిచ్చారు. క్లియర్ అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో ఈదినప్పుడు ఏమీ కాలేదు. అయినా ప్రతిసారీ నీళ్ళలోంచి తల ఎత్తగానే, ఆ చప్పుడు వస్తుందేమోనని చెవి లోపలికే పెట్టి వినేదాన్ని.

పోటీ రోజు తూత్తుకుడికి బావ కూడా వచ్చాడు. ఎండ దంచుతుందని, ఒళ్ళు ఎండిపోకూడదని తెల్లవారకముందే బాటిళ్ళ కొద్దీ నీళ్ళు, ఓఆర్‌ఎస్ తాగాను. అది మంచి పనే అనుకున్నాను. విజిల్ వేయగానే అందరితోపాటు నీళ్ళలో పడ్డాను. చుట్టూ కాళ్ళు, చేతులు. దారి తెలియడానికి నీళ్ళమీద కట్టిన నారింజ రంగు బెలూన్లలో మొదటిది దాటాను. రెండోది దగ్గర పడుతుండగా ఛాతీ బిగుసుకుంది. దగ్గు వచ్చింది. ఆ వెంటే గురగుర.

ఈసారి అది తగ్గేది కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. వెల్లకిలా తిరిగాను. ఇంకా బిగిసింది. నోటినిండా నురగ. తల నీళ్ళకు పైనే ఉంది, చుట్టూ కావలసినంత గాలి ఉంది, కానీ అది లోపలికి రావడం లేదు. నీళ్ళ పైన ఉండి మునిగిపోతున్నాను. చెయ్యి పైకెత్తి ఊపాను. కాపలాకు తిరుగుతున్న ఒక చిన్న పడవ నా వైపు వచ్చింది. అంచు పట్టుకుని "ఊపిరాడలే, ఊపిరాడలే" అన్నాను. పడవతనికి తెలుగు రాదు. "ఎన్నమ్మా? ఎన్న?" అని, ఏమైందని తమిళంలో వంగి అడుగుతున్నాడు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న తమిళంలో ఒక్క మాట కూడా దొరకలేదు నాకు. చివరికి నా నోటి నురగ చూసి అతనికే అర్థమైంది. పడవలోకి లాగేశాడు.

ఒడ్డు దగ్గర బావ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అతనికి ఈత రాదు. పడవ చేరేదాకా అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయాడు. చేతిలో నా సైకిల్ బూట్లు ఉన్నాయి.

"వసంతా, ఏమాయ? నన్ను సూడు. కండ్లు మూయొద్దే" అంటున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి గాలి లేదు.

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి తూత్తుకుడిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ నన్ను పడుకోబెట్టబోతే నర్సు చేతులు గట్టిగా పట్టుకున్నాను. పడుకుంటే చచ్చిపోతాననిపించింది. "కూర్చోనివ్వండి, ప్రాప్‌డ్ అప్‌లోనే ఉంచండి" అన్నారు డ్యూటీ డాక్టరు. "ఆక్సిజన్ శాచురేషన్ బాగా తక్కువగా ఉంది. నీరు లాగడానికి లాసిక్స్ ఇవ్వండి." మాస్క్ ముఖానికి బిగించారు. ఎక్స్‌రే తీశారు.

ఆయన ఫిల్మ్ చూసి నా పక్కకు వచ్చి, "లంగ్స్‌లో వాటర్ ఉంది. పల్మనరీ ఎడీమా" అన్నారు.

"సముద్రం నీళ్ళు మింగేసింది సార్" అన్నాడు బావ.

"సముద్రం నీళ్ళు కావు. ఆమె బాడీలో నీళ్ళే. రక్తంలోంచి లంగ్స్‌లోకి దిగాయి."

ఆ మాటతో నాకు పుట్టిన భయం సముద్రంలో పుట్టినదానికంటే పెద్దది. సముద్రం నుంచైతే నన్ను బయటికి లాగారు. నా ఒంట్లో నీళ్ళ నుంచి ఎవరు లాగుతారు? ఎక్కడికి పారిపోవాలి?

ఐసీయూలో గుండె దెబ్బతిందేమోనని ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేశారు. కొంచెం పెరిగింది అన్నారు. గుండెకు ఎకో స్కాన్ తీసినతను స్క్రీన్ మీద ఒకే చోటును మళ్ళీ మళ్ళీ చూశాడు. ఆ కాసేపట్లో నేను మా కూతురి పెళ్ళి దాకా వెళ్ళి వచ్చాను, నేను లేని పెళ్ళి. తర్వాత డాక్టరు చెప్పారు: "హార్ట్ పంపింగ్ తగ్గింది. స్ట్రెస్ వల్ల కావచ్చు, మళ్ళీ మామూలుకి రావచ్చు. ఇప్పుడే చెప్పలేం." యాంజియోగ్రామ్ చేశారు. బ్లాకులు లేవు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం "ఇప్పుడే చెప్పలేం" అన్న మాటే వినిపిస్తూ ఉంది.

డిశ్చార్జ్ తర్వాత విరుదునగర్‌లో, మా షాపుకు దగ్గరగా ఉన్న ఒక కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మొదటి ఆదివారం నుంచీ మొత్తం చెప్పించుకున్నారు. గులాబీ రంగు దగ్గర ఆపి, "అప్పుడు బీపీ ఎంత?" అని అడిగారు. తర్వాత ఒక కాగితం మీద గుండె, ఊపిరితిత్తులు గీసి చూపించారు.

"దీన్ని స్విమ్మింగ్ ఇండ్యూస్డ్ పల్మనరీ ఎడీమా అంటారమ్మా. నీళ్ళలో ఉన్నప్పుడు కాళ్ళు చేతుల్లోని రక్తం ఛాతీ వైపు వస్తుంది. మీకు లోపల బీపీ ఉంది, మీకే తెలియదు. దానిపైన అన్ని నీళ్ళు తాగారు, పోటీ కంగారు, వేగం. ఆ ప్రెషర్‌కి నీరు లంగ్స్‌లోకి కారింది. బయటికొచ్చాక త్వరగా క్లియర్ అయిపోతుంది. అందుకే మొదటిసారి ఎక్స్‌రేలో ఏమీ లేదు."

"మళ్ళీ వస్తుందా డాక్టర్?"

"రావచ్చు. సముద్రంలోకి దిగొద్దు. ముందు హార్ట్ కోలుకోవాలి. బీపీకి టాబ్లెట్ రాస్తున్నాను."

ఇంట్లో మూడు దిండ్లు పెట్టుకుని ఆనుకునే పడుకున్నాను. తలమీద నీళ్ళు పోసుకోలేకపోయాను. చెంబు ఎత్తి మళ్ళీ కింద పెట్టేసేదాన్ని. అత్త తడిగుడ్డతో నా తల తుడిచేది. "ఈదను పొమ్మని నిన్నెవురు తరిమిరే బిడ్డా?" అనేది తుడుస్తూనే. ఆ గొంతులో కోపం లేదు, ఆవిడ కూడా భయపడుతోంది.

కొన్ని వారాలకు పనిలో చేరాను. ఒకరోజు షాపులో ఒక పెద్దాయన కళ్ళు చూస్తుండగా దగ్గు వచ్చింది. పొడిదగ్గు. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. మర్నాడు రైల్లో ఆగకుండా వచ్చింది. ప్రతి దగ్గుకూ తెల్ల రుమాలులో ఉమ్మి, కళ్ళు పరీక్షించే దీపం కింద పెట్టి రంగు వెతికేదాన్ని. తెల్లగానే ఉండేది. నమ్మకం కుదరక ఇంకోసారి చూసేదాన్ని. గుండె మళ్ళీ మొదటికి వచ్చిందనే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం షాపు వదిలేసి, ఆ వీధంతా గోడ పట్టుకుంటూ నడిచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఫోను చేస్తే బావ పొలం నుంచి అలాగే మట్టికాళ్ళతో వచ్చాడు.

ఎక్స్‌రే తీశారు. ఛాతీ అన్నివైపులా విన్నారు. డాక్టరమ్మ నవ్వారు. నాకు ఆ నవ్వు అర్థం కాలేదు.

"లంగ్స్ శుభ్రంగా ఉన్నాయి. ఇది నేనిచ్చిన టాబ్లెట్ వల్ల. రామిప్రిల్ కొంతమందికి ఇలా పొడిదగ్గు తెప్పిస్తుంది. మారుస్తాను."

టాబ్లెట్ మార్చాక దగ్గు మెల్లగా పోయింది. దగ్గు పోయినా భయం అంత తొందరగా పోలేదు. ఎవరు దగ్గినా ఉలిక్కిపడేదాన్ని. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళు దగ్గినా సరే. అది చెప్పడానికి సిగ్గుపడ్డాను, కానీ చెప్పాను. డాక్టరమ్మ ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆ గదిలో కూర్చుని, ఊపిరి వదిలేటప్పుడు తొందరపడకుండా వదలడం మళ్ళీ నేర్చుకున్నాను.

కొన్ని నెలలకు ఎకో మళ్ళీ తీశారు. జెల్లీ చల్లగా ఛాతీకి తగలగానే ఏడుపు వచ్చింది. "పంపింగ్ నార్మల్" అన్నారు. ట్రెడ్‌మిల్ టెస్టులో నడుస్తున్నంతసేపూ చప్పుడు కోసం లోపలికి వింటూనే ఉన్నాను. నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"సైకిల్ తొక్కండి, పరుగెత్తండి. సముద్రం వద్దు. పూల్ అయితే కొంతకాలం తర్వాత, నెమ్మదిగా, పక్కన ఈత వచ్చినవాళ్ళు ఉంటేనే" అన్నారు డాక్టరమ్మ.

సైకిల్ ఎక్కాను. సెల్వి నా వేగానికి తగ్గి పక్కనే వచ్చేది. పూల్ మాట మాత్రం ఎత్తలేదు నేను. ఒకరోజు బావే ఎత్తాడు.

"ఈ ఆదివారం పోదాము. నేనూ దిగతాను."

"నువ్వెట్ల దిగతావు బావా? నీకు ఈత యాడ వస్తాది?"

"వస్తాది. నేర్సుకున్నాను." నా ముఖం చూడకుండా సైకిల్‌కు గాలి కొడుతున్నాడు. "పొలం బావిలో మీ తమ్ముడు నేర్పినాడు. నడుముకు తాడు కట్టి దించినాడు. రెండు నెల్లు. నీకు సెప్తే బయపడతావని సెప్పలే."

నీళ్ళంటే ఇంత భయం ఉన్న మనిషి. యాభైకి దగ్గర పడుతున్న మనిషి.

"ఏంటికి బావా?" అన్నాను.

"నువ్వు ఆడ చెయ్యి ఊపితివి. నేను మోకాలి నీళ్లలో నిలబడి సూస్తా ఉంటిని. ఇంగ అట్ల నిలబడలేనే."

పూల్ అంచున చాలాసేపు కూర్చున్నాను. దిగాక ముఖం నీళ్ళలో పెట్టడానికి ఇంకా చాలాసేపు పట్టింది. బావ పక్కనే ఉన్నాడు. అతనిది ఈత అనడానికి లేదు, నీళ్ళను కొడుతూ తేలుతున్నాడంతే. రెండు బారలు వేశాను. ఆగాను. గోడ పట్టుకుని ఊపిరి విన్నాను. చప్పుడు లేదు. "సాలా?" అన్నాడు బావ, రొప్పుతూ. "ఇంగోసారి" అన్నాను.

ఇప్పుడు నా బీపీ అదుపులో ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాను. ఆ పెద్ద పోటీ పూర్తి చేయలేదు, ఇక చేయను కూడా. కిందటిసారి సెల్వి పూర్తిచేసినప్పుడు చివర గీత దగ్గర నిలబడి అరిచాను. భయం పూర్తిగా పోయిందని చెప్పను. నీళ్ళలో ముఖం పెట్టే ముందు ఇప్పటికీ ఒకసారి ఆగి ఊపిరి వింటాను.

ఇది చదివే మీలో ఎవరైనా ఈదుతుంటే ఒక్క మాట చెబుతాను. నీళ్ళలో ఉన్నప్పుడు దగ్గు ఆగకపోయినా, ఛాతీ గురగురమన్నా, ఉమ్ములో గులాబీ రంగు కనిపించినా, ఉప్పునీళ్ళు మింగానేమో అని సర్దిచెప్పుకోకండి. వెంటనే చెయ్యి ఎత్తండి, బయటికి రండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి "ఈదుతుండగా వచ్చింది" అని ఆ మాటతోనే మొదలుపెట్టండి. మీ చెయ్యి చూసి నీళ్ళలో మీ దాకా రాగలిగిన మనిషి ఉంటేనే దిగండి.