ముళ్ళున్న పసుపు చేప

మొన్న యలహంకలో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడవారగా పెట్టిన గాజుతొట్టిలో పసుపుపచ్చని చేప ఒకటి రాతిమీది పాచి గీకుతూ కనిపించింది. నలుపూ తెలుపూ చారల మొహం, కుందేలు మూతిలాంటి చిన్న నోరు. పిల్లలు మురిసిపోతున్నారు గానీ, నేను మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఇదే ఊరి రెండో చివర, బొమ్మనహళ్ళిలో మావారికి చేపల అంగడి ఉండేది; ముందు గదిలో తొట్లు, వెనక గదిలో మా కాపురం. సముద్రం ఎరగని ఈ ఊళ్ళో ఉప్పునీళ్ళు కలిపి, పగడపు దిబ్బల్లో తిరిగే చేపల్ని బతికించాలని ఆయన పట్టుదల. అలా మద్రాసు నుంచి వచ్చిందే ఇలాంటి పసుపు కుందేలు చేపల జంట. చిన్నప్పుడు గుంపులుగా తిరుగుతాయనీ, ఎదిగాక జతకట్టి పగడపు కొమ్మల సందుల్లో మసలుతాయనీ ఆయన చెబుతుంటే, ఎవరో బంధువుల సంగతి విన్నట్టు వినేదాన్ని. వాటి ముళ్ళలో విషం ఉంటుందన్నది మాత్రం మనసుకు పట్టలేదు.

ఒక మధ్యాహ్నం వాటిలో ఒకదాన్ని వేరే తొట్టిలోకి మార్చబోతే అది వలలో చిక్కుకుని గింజుకుంది. విడిపించబోయిన ఆయన ఒక్క కేక పెట్టి నేలమీద కూలబడ్డారు. వల మళ్ళీ తొట్టిలోనే పడింది. బొటనవేలి మొదట్లో రక్తపు చుక్క. చూస్తుండగానే చెయ్యి వాచింది, ఒళ్ళంతా చెమట.

"మండిపోతా ఉండాది... భుజం దాకా పాకతా ఉండాది" అంటున్నారు.

అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఈ మనిషి నా కళ్ళముందే పోతాడనుకున్నాను. చేపలు పంపిన మద్రాసు వర్తకుడికి ఫోను చేసి, ముల్లు గుచ్చుకుందని ఏడుస్తూనే చెప్పాను. ఏ చేపో అతనే ఊహించి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచమనీ, వెంటనే ఆస్పత్రికి వెళ్ళమనీ చెప్పాడు. పొయ్యి వెలిగించే తొందరలో అగ్గిపుల్లలు విరిగిపోయాయి. మొద్దుబారిన ఆయన చేతికి వేడి తెలియదేమోనని ముందు నా చెయ్యి ముంచి చూసుకున్నాను. పక్కింటి పెద్దమ్మ ఆటో పిలుచుకొచ్చింది.

"ఏమీ కాదు లేప్పా, ఊపిరి నిదానంగా తీసుకో" అని ఆయనకు చెబుతూనే నా వీపు నిమిరింది.

ఆయన చెయ్యి ముంచిన వేడినీళ్ళ బకెట్టుతో సహా ఆటో ఎక్కాం. హోసూరు రోడ్డులో ఆటో ఆగినప్పుడల్లా ఆయన ఛాతీ కదులుతోందా అని చూసుకుంటూ కూర్చున్నాను. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాక కూడా ఆయన చొక్కా కొస వదల్లేకపోయాను.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, వలలోంచి ఎలా బయటపడిందో, ఆ చేప ముళ్ళు నిక్కబొడుచుకుని రాయి వెనక నక్కి ఉంది. పసుపంతా పోయి ఒళ్ళంతా మట్టిరంగు మచ్చలు. జత చేప దాన్ని అంటిపెట్టుకునే ఉంది. బెదిరితే అలా రంగు మారతాయని ఆయన కట్టుకట్టిన చేత్తో చూపించారు. దానిమీద కోపం తెచ్చుకోవాలని చూశాను గానీ, రాలేదు.

తర్వాత అంగడి మూసేశాం. పుట్టిన కూతురు ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఆనాటి భయం ఉప్పెనలా వచ్చి, పొద్దు వాలేలోగా వెళ్ళిపోయింది. ఇప్పటి భయం అలాంటిది కాదు. మావారు పాలకని వెళ్ళి కాస్త ఆలస్యం చేస్తే చాలు, చప్పుడు లేకుండా వచ్చి నా పక్కన కూర్చుంటుంది. ఆయన గుమ్మంలోకి వచ్చాక కూడా లేచి వెళ్ళదు.