దొరసానిగారి కుక్కపిల్ల ఎదగలేదు

మా కొండల మీద పంతులమ్మ అంటే అడిగిన పనల్లా చేసిపెట్టే మనిషి అని అనుకునే కాలమది. ఉత్తరం వస్తే చదివిపెట్టాలి, పురిటింట్లో దీపం పట్టుకోవాలి, అత్తాకోడళ్లు పోట్లాడుకుంటే తప్పెవరిదో తేల్చాలి. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ట్రైనింగు పాసై, హుకుంపేటకి అవతల ఒక మిషను బడిలో చేరి ఆరు నెలలైంది. మిషను జీతం మీద ఊళ్లు తిరిగి బైబిలు వాక్యం చెప్పే మా పెద్దమ్మ నాకు తోడుగా ఉండేది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయవలసింది మిషను నడిపే దొరసానిగారు. ఆవిడ చలిజ్వరాలతో చిక్కిపోయి, నీలగిరుల్లో ఆరు నెలలు ఉండి రావడానికి బయలుదేరుతూ, స్నేహితురాలెవరో ఓడ మీద తెచ్చి ఇచ్చిన కుక్కపిల్లని నా చేతుల్లో పెట్టారు. పేరు డ్యూక్. దాంతోపాటు ఇంగ్లీషులో రాసిన ఒక కాగితం ఇచ్చారు. (ఆవిడ తెలుగు చదివేవారు, మాట్లాడేవారు గానీ, రాయడం ఆవిడకి కష్టం. ఇంగ్లీషు అర్థం చేసుకోవడం నాకు కష్టం.)

పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటే గుంటా ఇది? కుక్కేనా? ముక్కు ఎవులో నొక్కీసినట్టుందే" అంది. నిజమే, ముక్కు లోపలికి పోయి, కళ్లు బయటికొచ్చి, ఒళ్లంతా బొచ్చు, ఆ బొచ్చు కింద నాలుగు పొట్టి కాళ్లు. మాకు తెలిసిన కుక్కలు రెండే: వేటకుక్క, ఊరకుక్క. ఏదైనా ఆరు నెలలు తిరిగేసరికి మోకాలి దాకా వస్తుంది. ఇదీ వస్తుందని ఎదురు చూడడం మొదలుపెట్టాం.

కాగితంలో మొదటి మాట 'హౌస్ ట్రైన్' చేయమని. హౌస్ అంటే ఇల్లు, ట్రైనింగు నేను పాసైనదే. ఇంట్లో పాఠాలు చెప్పమన్నారని తేల్చుకుని, రోజూ పొద్దున్నే వసారాలో చాప వేసి, చేతిగంట కొట్టి, 'సిట్', 'కమ్', 'నో' అని మూడు పాఠాలు చెప్పేదాన్ని. డ్యూక్ నా మొహంలోకి చూస్తూ ఓపిగ్గా వినేవాడు. పాఠం ముగించి గంట కొట్టగానే లేచి చాప తడిపేవాడు. నెల తిరిగేసరికి, అవతల బడిగంట మోగినా ఇవతల ఇల్లు తడిసేది. ట్రైనింగు స్కూల్లో ఇలాంటి విద్యార్థి గురించి ఎవరూ చెప్పలేదు. చివరికి పెద్దమ్మే, తిండి పెట్టిన ప్రతిసారీ చంకన వేసుకుని పెరట్లో దింపి, పనయ్యేదాకా పక్కన నిలబడి ఆ సమస్య తీర్చింది. దొరసానిగారు చెప్పమన్నది సరిగ్గా అదేనని నాకు పదేళ్ల తర్వాతగాని తెలియలేదు.

ఎదుగుదల సంగతి మాత్రం పెద్దమ్మకీ పట్టుబడలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక డ్యూక్‌ని గుమ్మానికి ఆనించి, వీపు ఎత్తున సుద్దతో గీత గీసేదాన్ని. ఎనిమిది వారాలకీ ఒకటే గీత. ఒక ఆదివారం గీత కిందికి దిగింది. (ముందురోజు స్నానం చేయించడంతో ఉబ్బిన బొచ్చు అణగిపోయిందని మాకు తట్టలేదు.) దొరసానిగారి కుక్క నా చేతుల్లో కుంచించుకుపోతోందని హడలిపోయాను. చోళ్ల అంబలి, కోడిగుడ్డు, మేక ఎముకల చారు, ఎండుచేప, ఏది దొరికితే అది పెట్టాం. వాడు పొడుగు మానేసి అడ్డంగా పెరిగాడు.

అంతలో ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. డ్యూక్ ఎంతవాడయ్యాడని అడిగారు. నేను రెండు రోజులు ఆలోచించాను. వాడెలాగూ ఎదుగుతాడు కదా, కాస్త ముందుగా రాస్తే తప్పేముందనిపించింది. 'తమ దయవలన డ్యూక్ నా మోకాలి దాకా వచ్చినాడు' అని రాసి టపాలో వేశాను. జవాబు చాలా రోజులు రాలేదు. వచ్చినప్పుడు ఒకటే వాక్యం ఉంది, అనుకున్నదానికంటే ముందే వస్తున్నానని.

ఉత్తరం పెద్దమ్మకి చదివి వినిపించాను. పెద్దమ్మ తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అంది: "పక్క ఊరి దిసారి ఉన్నాడు కదా, ఓపాలి సూపిద్దావేటి?" దిసారి అంటే ముహూర్తం చూసి, రోగానికి మందిచ్చే కొండపెద్ద. ఆయన దగ్గరికి వెళ్లొద్దని ఊరూరా చెప్పి వచ్చేది మా పెద్దమ్మే. నేను ఆవిడ మొహంలోకి చూశాను. "ప్రెబువు మనుసుల కోసం వొచ్చినాడే. కుక్కల సంగతి మనమే సూసుకోవాల" అంది.

డ్యూక్‌ని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి, సంతకి వెళ్తున్నట్టు వెళ్లాం. దిసారి వాడి నోరు తెరిచి పళ్లు చూశాడు, కాళ్లు నొక్కాడు, తోక ఎత్తి చూశాడు. నవ్వాడు. "మందెందుకమ్మా? ఇది ఎదిగీసింది" అన్నాడు.

"ఎక్కడ ఎదిగింది, తాతా?" అన్నాను.

"పళ్లన్నీ వొచ్చీసినాయి. ఇంకేటి ఎదుగుతాది? ఇది ఇంతే. తిండి తగ్గించండి, నేకపోతే సచ్చిపోగలదు."

నేను నమ్మలేదు. మందివ్వడం ఇష్టంలేక అలా అన్నాడనుకుని, ఇంటికొచ్చి ఇంకో గుడ్డు పెట్టాను.

వారం తిరిగేసరికి దొరసానిగారి డోలీ మా ముంగిట దిగింది. నా దండానికి బదులివ్వలేదు. మొహం పాలిపోయి ఉంది. "నా కుక్క ఎక్కడ నున్నది?" అన్నారు, పుస్తకాల్లో నేర్చుకున్న తన తెలుగులో. ఆ మాటకి లోపలినుంచి డ్యూక్ దిండులా దొర్లుకుంటూ వచ్చాడు. ఆవిడ నేలమీదే కూర్చుని వాడిని ఒళ్లోకి లాక్కుని ఏడ్చేశారు. నాకేమీ బోధపడక నేనూ ఏడవడం మొదలుపెట్టాను.

"మోకాలి దాకా అని వ్రాసితివి" అన్నారు కాసేపటికి. "నా డ్యూక్ చనిపోయెను, నీవు భయపడి వేరొక కుక్కను తెచ్చితివి అని తలచితిని. దారి పొడవున దుఃఖపడితిని."

"ఎంత పెట్టినా ఎదగలేదండీ" అన్నాను. "మీరు కోప్పడతారని అలా రాశాను."

"దీని తల్లియు ఇంతే. తాతయు ఇంతే."

వెనకనుంచి పెద్దమ్మ ఉండబట్టలేక, "ఆ మాట దిసారి ఆరోజే సెప్పీసినాడు కదే" అంది. అనేశాక కొంగుతో నోరు మూసుకుంది.

దిసారి ఎవరో దొరసానిగారికి బాగా తెలుసు. నా ఉద్యోగంతోపాటు పెద్దమ్మదీ పోయిందనుకున్నాను. ఆవిడ చాలాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "దిసారి నీకు నిజము చెప్పెను. నీవు నాకు చెప్పలేదు" అన్నారు. తర్వాత డ్యూక్‌ని కిందికి దింపి, "సిట్" అన్నారు. వాడు ఆవిడవైపు అయోమయంగా చూశాడు. మళ్లీ అన్నారు. మళ్లీ చూశాడు. "కూకోరా" అంది పెద్దమ్మ గొణుగుతున్నట్టు. వాడు టక్కున కూర్చున్నాడు. దొరసానిగారు పెదవులు బిగించుకున్నారు గానీ, డోలీ ఎక్కేముందు తనలో తాను "కూకో, కూకో" అని వల్లెవేసుకోవడం నా చెవిన పడింది.

పెద్దమ్మ పని జోలికి పోలేదు గానీ, నన్ను ఖాయం చేయడం ఇంకో మూడు నెలలు వాయిదా వేశారు. అది న్యాయమే.

ఆ ఏడాది పిల్లలకి పెద్దదానిలా కనబడాలని నేను పెద్దమ్మ రవికలు భుజాల దగ్గర పిన్నులు పెట్టుకుని తొడుక్కునేదాన్ని. బల్లమీద రాయడానికి చెయ్యెత్తితే ఏదో ఒక పిన్ను ఊడేది. పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో తెలియక గట్టిగా కోప్పడేదాన్ని. ఆ రవికలు నాకు అతికినట్టు సరిపోయేనాటికి నలభై దాటాయి, పెద్దమ్మ లేదు. ఒకరోజు అందులో ఒకటి తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఎదగడానికి అంత తొందరపడ్డ ఆ పిల్ల ఎటు పోయిందా అని కాసేపు వెతుక్కున్నాను.