తిప్పి పెట్టుకున్న హెడ్‌ఫోన్స్

షాపులో ఖరీదైన హెడ్‌ఫోన్స్ మూడు నా ఫోన్‌కి పెట్టి విన్నాను. మూడింటిలోనూ ఎడమవైపు పాట సన్నగానే వినిపించింది. చెవి పోయిందన్న దిగులుతో ఏదీ కొనకుండా మద్దిలపాలెంలో బస్సెక్కాను. నా పాతవి పదేపదే తీసి పెట్టుకుంటుంటే, పక్క సీట్లో ఉన్న పెద్దాయన అడిగాడు.

"ఏటయింది బాబూ?"

చెప్పాను.

"కుడిది ఎడంకి తిప్పి ఎట్టుకో."

తిప్పగానే ఎడమ చెవిలో పాట నిండుగా మోగింది. సెట్టింగ్స్ చూస్తే సౌండంతా కుడివైపుకి జరిగి ఉంది. బస్సులోనే గట్టిగా నవ్వేశాను.

"మిషన్ల మోతలో ముప్పయ్యేళ్లు పన్జేసాను. నాను తిప్పి ఎట్టుకున్నా ఎడం సెవి పలకలేదు. నీది పలికింది, సాలు," అంటూ ఆయనా నవ్వాడు.

హెడ్‌ఫోన్స్ బ్యాగులో పెట్టేసి, గాజువాక దాకా ఆయన కుడిచెవి వైపు వంగి కబుర్లు చెప్పాను.