గీత కొట్టిన వాక్యం

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారని పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. గజపతినగరంలో నేను పనిచేసే కాలేజీకి సెలవు పెట్టి, విజయనగరం బస్సెక్కాను.

సంతాపసభలో అందరికన్నా ముందు మైకు పట్టుకున్నది మా పాత డిపార్ట్‌మెంట్ హెడ్. తన ప్రోత్సాహంతోనే మేడమ్ అంతటివారయ్యారట. అబద్ధమాడడానికైనా కాస్త తెలివి కావాలి. ఆయనకు అదీ లేదు.

సముద్రం అడుగున గ్యాస్ హైడ్రేట్ అనే మంచులాంటి గడ్డ ఎలా మొదలవుతుందో, మేం చదివేటప్పుడు ఆయన ఇచ్చిన నోట్సులో ఒకే వాక్యం ఉండేది: చలికి నీరు గడ్డకట్టి గ్యాసును బంధిస్తుంది. మేడమ్ దాన్ని బోర్డు మీద రాసి, అడ్డంగా గీత కొట్టి, సుద్దచేతులు కొంగుకు తుడుచుకునేవారు.

"ఎవులు సూసొచ్చేర్రా?" అనేవారు.

ఆ గ్యాసు, మీథేన్‌కీ నీటికీ పొత్తు కుదరదనీ, నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటూ దాని చుట్టూ గూడు కడతాయనీ చెప్పేవారు. ముందు గూడు ఏర్పడుతుందా, గ్యాసు అణువుల గుంపు ఏర్పడుతుందా అని అడిగితే, ఇంకా పూర్తిగా తేలలేదనేవారు.

"తెలీదని సెప్పడానికి సిగ్గేటి? తెలీకుండా సెప్పడానికుండాల సిగ్గు."

ఆ మాట హెడ్ చెవిన పడింది. సిలబస్ నడవడం లేదని ప్రిన్సిపాల్‌కి రాసి, మా ఫైనలియర్ క్లాసు తాను లాక్కున్నాడు. మేడమ్ ఎవరినీ బతిమాలలేదు. రిటైరయ్యేదాకా ఫస్టియర్ వాళ్ళకే చెప్పుకున్నారు.

సభలో లేచి అడిగాను, ఆవిడ క్లాసు తీసేసింది మీరే కదా అని. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా," అని ఆయన మైకు పక్కవారికిచ్చి, టిఫిన్ల వైపు నడిచాడు. కాలేజీ ఎదుట జెరాక్స్ షాపులో ఇప్పటికీ ఆ నోట్సే అమ్ముతున్నారు.

మాకు ఆవిడ చెప్పిన చివరి క్లాసు గ్రౌండులో జరిగింది. కొందరిని మీథేన్ అన్నారు, మిగతావాళ్ళం నీళ్ళం. వాళ్ళను ముట్టుకోకుండా, వాళ్ళ చుట్టూ మాలో మేమే చేతులు పట్టుకోవాలి. వరండాలోంచి హెడ్, పిల్లల చేత చెడుగుడు ఆడిస్తున్నావా అని వెక్కిరించాడు.

"మీ నోట్సులో లేంది ఆడిస్తన్నాను సార్," అన్నారు మేడమ్, అటు చూడకుండానే.

పట్టుకున్న చేతులు జారేవి, మళ్ళీ ఇంకెవరివో దొరికేవి. రెండు వరసలు కడితే ఒకటి విడిపోయేది. మీథేన్లు దగ్గరకు జరిగారు, మేమూ దగ్గరకు జరిగాం. గుంపు పెద్దదైంది. ఎప్పుడు కుదిరిందో తెలియదు, ఇక ఎవరి చెయ్యీ జారలేదు. బెల్లు కొట్టారు. మేడమ్ ఎండలో మా చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నారు. ఎవ్వరమూ వదల్లేదు.