బీరువాలో మోగిన హెల్ప్‌లైన్

చంద్రపూర్‌లో నాకు తొలి ఉద్యోగం దొరికిన కాలంలో, లోకంలోని మంచీచెడూ అంతా ఒక పట్టికలోకి ఎక్కించి టిక్కులు కొట్టేయవచ్చని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ని. అప్పటికి కంప్యూటర్ డిగ్రీ చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. నాన్నకు బజారులో గిన్నెల దుకాణం ఉంది కానీ, నేను అందులో కూర్చోవడం నాకూ గిన్నెలకూ కూడా మంచిది కాదని ఆయన ముందే తేల్చేశాడు. అలాంటి సమయంలో ఒక సర్కారు కచేరీలో పదకొండు నెలల ఒప్పందం మీద కొలువు వచ్చింది. ఉద్యోగం పేరు మూల్యాంకన సహాయకుడు. వెబ్‌సైటు ఎంత బాగుందో పరీక్షించి మార్కులు వేయడం పని. ఎవరి వెబ్‌సైటు? మా కచేరీదే. (పరీక్ష రాసినవాడికే పేపరు ఇచ్చి దిద్దుకోమన్నట్టు ఉందని మీకు అనిపించవచ్చు. దానికి స్వీయ మూల్యాంకనం అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఎవరికీ ఏమీ అనిపించలేదు.) ఈ శుభవార్త విని కోర్పనా నుంచి మా మేనత్త బస్సులో వచ్చి, నాకు ఒక షర్టు గుడ్డా, ఎర్ర అంచు తువ్వాలా పెట్టి, "మా అల్లుడు కచేరిల సాబ్ అయిండు" అని గల్లీ అంతా వినబడేలా చెప్పి వెళ్లింది. నేను సాబ్ కాదని చెప్పడానికి నోరు తెరిచాను కానీ, వినడానికి బాగుండటంతో మళ్లీ మూసుకున్నాను.

పై నుంచి వచ్చిన పట్టికలో వంద ప్రశ్నలుండేవి, ఒక్కో దానికి ఒక మార్కు. అక్షరాలు పెద్దవి చేసుకునే మీట ఉందా? ఉంది. (నొక్కితే మా కచేరీ పెద్ద, సాహెబ్ ఫొటో పెద్దదయ్యేది, అక్షరాలు మాత్రం అలాగే ఉండేవి. కానీ అడిగింది మీట ఉందా అనే కదా.) సమాచారం తాజాగా ఉందా? ఉంది, పేజీ అడుగున ఏ రోజుకారోజు తేదీ దానంతటదే మారేది. ఆ తేదీకి పైన, ఎప్పుడో బదిలీ అయిన ముగ్గురు అధికారులు ఇంకా నవ్వుతూనే ఉండేవారు. జనం సూచనలు రాయడానికి చోటు ఉందా? ఉంది. రాసి పంపితే ధన్యవాదాలు అని వచ్చి, రాసిందంతా మాయమయ్యేది. సహాయం కోసం ఫోన్ నంబరు ఉందా? ఉండటమే కాదు, ఎర్ర రంగులో ఆరుతూ వెలుగుతూ ఉంది. వెలుగుతున్నందుకు ఇంకో అర మార్కు వేయవచ్చా అని నేను సాహెబ్‌ని అడిగాను కూడా. అన్నీ కూడితే నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ రెండూ ఎందుకు తగ్గించానంటే, నూటికి నూరు వేస్తే నా నిజాయితీ మీద అనుమానం వస్తుందని. అంత నిజాయితీపరుణ్ని మరి.

నేను కూర్చునే గదిలో నాతోపాటు ఒక పాత గుమాస్తా ఉండేవాడు. ప్రతి మాటా 'నియమం ప్రకారం' అని మొదలుపెట్టేవాడు కాబట్టి ఆయన పేరు నియమాల కాకా. (కాకా మాట్లాడేది మరాఠీ. నేను తెలుగులో రాస్తున్నాను. నియమం ప్రకారం ఇది తప్పే కావచ్చు.) ఆ గదిలోనే ఇనుప బీరువా మీద ఒక పాత ఫోను ఉండేది. నేను చేరిన కొత్తలో అది రోజుకు ఒకటి రెండుసార్లు మోగేది. ఒకరోజు ఎత్తబోతే కాకా నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎత్తకు బేటా. సర్కారులో కుర్చీ ఆర్డరు మీద వస్తుంది. ఫోను మాత్రం ఎవరు ఎత్తితే వాళ్లదవుతుంది. రిటైరయ్యేదాకా వదలదు" అన్నాడు. "మరి ఎవరిది కాకా ఈ ఫోను?" అని అడిగాను. "ఎత్తనంతవరకు ఎవరిదీ కాదు" అన్నాడు. ఆయన అనుభవం ముందు నా డిగ్రీ ఏపాటిది? చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వానాకాలం నడుమ, రైతులు తమ పంట వివరాలు మా వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలని ప్రకటన వచ్చింది. దాంతో ఆ ఫోనుకు పూనకం వచ్చినట్టయింది. పొద్దున కచేరీ తెరిచింది మొదలు సాయంత్రం దాకా మోగుడే మోగుడు. నాగపూర్ నుంచి తనిఖీకి వస్తారని, తొంభై ఎనిమిది మార్కులకూ ఆధారాలు ఫైలు కట్టాలని నేను తలమునకలుగా ఉన్నాను. ఈ గోలలో వెబ్‌సైటు నాణ్యత మీద మనసు నిలిచేది ఎలా? ఒకరోజు ఇక తట్టుకోలేక, నా సంచిలోని తువ్వాల తీసి ఫోనుకు చుట్టి, ముడి వేసి, వైరు సందులోంచి పోనిచ్చి బీరువా లోపల పెట్టి తలుపు వేశాను. తర్వాత అది మోగితే, పక్కింట్లో ఎవరో దగ్గుతున్నంత చప్పుడే వినిపించింది. కాకా మెచ్చుకోలుగా తలూపి, "నువ్వు పైకొస్తావు బేటా" అన్నాడు. ఆ మాటకు ఆ పూటంతా ఉబ్బిపోయాను.

ఆ వారంలోనే అత్త ఇంటికి ఫోన్ చేసింది. "అల్లుడా, నా చేను పోయిందిరా" అంది ఎత్తుకోవడమే. కనుక్కుంటే, చేను ఎక్కడికీ పోలేదు, వెబ్‌సైటులో పోయింది. కోర్పనాలో ఆన్‌లైన్ పనులు చేసే దుకాణానికి పోయి పత్తి ఎక్కించమంటే, ఆమె సర్వే నంబరు కొట్టగానే 'రాతి గని, పంట నమోదు వీలు కాదు' అని వస్తోందట. ఆ తాలూకా చుట్టూ సున్నపురాయి గనులే. ఎవరో ఎక్కడో కూర్చుని, పక్క గనిని తెచ్చి అత్త చేను మీద కూర్చోబెట్టారు. "పూత కాత మీదున్నదిరా పత్తి. గది రాళ్లెట్లయితది? నేనేమన్న రాళ్లు ఇత్తిన్నా?" అంది. గడువులోపు నమోదు కాకపోతే సర్కారు కొనుగోలు కేంద్రంలో ఆమె పత్తి తీసుకోరు. మామయ్య పోయాక ఆమె బతుకంతా ఆ నాలుగెకరాల మీదే నడుస్తోంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నేనేమన్నాను? గొంతు సవరించుకుని, "దానికో పద్ధతి ఉందత్తా. మీరు వెబ్‌సైటులో ఇచ్చిన నంబరును సంప్రదించాలి" అన్నాను. "ఏందిరా, నన్ను మీరు అంటున్నవ్, పాణం మంచిగలేదా?" అంది.

నిజానికి అప్పుడు నాకు సిఫారసు అంటే మహా అసహ్యం. మేనత్తయినా, మంత్రిగారైనా పద్ధతి ఒక్కటే అని ఇంట్లో ఉపన్యాసం కూడా ఇచ్చాను. నాన్న అన్నం కలుపుతూ విని, "వీడు దుకాణంల లేకపోవుడే నయమైంది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అత్త ఫోన్ చేసేది. "పొద్దుగాల కెల్లి కొడుతున్నరా. మోగుతది, ఎవ్వడు ఎత్తడు." "ఆఫీసు వేళల్లో చెయ్యాలత్తా." "ఆఫీసు యాళ్లకే కొట్టిన. నువ్వు గాడనే ఉంటవు గద, ఎవ్వడు ఎత్తుతలేడో జర సూడరాదు?" చూస్తానని మాట ఇచ్చి, పొద్దున కచేరీకి పోయి, బీరువాలో దగ్గు వినిపిస్తుంటే తలుపు ఇంకాస్త గట్టిగా నొక్కి, పనిలో పడేవాణ్ని. వెబ్‌సైటులో వెలుగుతున్న నంబరూ, బీరువాలో మోగుతున్న ఫోనూ ఒకటే అయి ఉండవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. పట్టికలో ఆ ప్రశ్న లేదు మరి.

గడువుకు చివరి రోజునే తనిఖీ మేడం నాగపూర్ నుంచి వచ్చింది. సాహెబ్ కొత్త షర్టు వేసుకున్నారు, కాకా కూడా ఆ రోజు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మేడం తన కాగితాల కట్ట తీసి నా ఆధారాల ఫైలు తిప్పుతుండగా, గుమ్మంలో మా అత్త ప్రత్యక్షమైంది. చంకలో తడి గోనెపట్టా ఉంది. నేను కళ్లతో సైగ చేశాను, చేతులతో చేశాను, ఆమె లెక్కచేయలేదు. నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి గోనె విప్పింది. వేళ్లతో సహా పీకిన పత్తి మొక్క, మట్టితో, కాయలతో, నా తొంభై ఎనిమిది మార్కుల ఫైలు మీద వాలింది. "ఇగో, మీరన్న రాయి. మంచిగ సూడుండ్రి" అని తెలుగులో నాతో అని, అదే మాట మేడంకు మరాఠీలో చెప్పింది. (కోర్పనా సంతలో నేర్చిన ఆమె మరాఠీకి, బడిలో నేర్చిన నా మరాఠీ ఎప్పుడూ నిలబడలేదు.) మేడం కళ్లజోడు సర్దుకుని, "హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశారా?" అని అడిగింది. "గిప్పుడు గూడ కొడత, సూడుండ్రి" అని అత్త తన చిన్న ఫోను మీట నొక్కింది.

బీరువా దగ్గింది.

సాహెబ్ బీరువా వైపు చూశారు, కాకా కిటికీ వైపు చూశాడు. నేను లేచి, తలుపు తీసి, మోగుతున్న ఆ మూటను బల్ల మీద పెట్టాను. ముడి నేను వేసిందే, తొందరలో ఊడిరాలేదు. అత్త వంగి చూసింది. "గిది నేను పెట్టిన తువ్వాల గదరా" అంది. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అంది. అంత సిగ్గు నాకు మళ్లీ జీవితంలో వేయలేదు. మేడం మాత్రం కాగితం మీదికి వంగి, "హెల్ప్‌లైన్ ఫోను మోగుతోందా... మోగుతోంది" అని టిక్కు పెట్టింది.

ముడి విప్పి, "సరే అత్తా, చెప్పు, రాసుకుంటాను" అన్నాను. కాకా అడ్డం వచ్చాడు. "నియమం ప్రకారం మనిషి ఎదురుగా వచ్చి చెబితే ఫిర్యాదు నంబరు ఇవ్వడానికి లేదు. ఫోనులో వస్తేనే ఇవ్వాలి." "మరి ఇన్నాళ్లూ ఫోను ఎత్తొద్దన్నారు కదా కాకా!" "ఫోను ఉండాలని నియమం ఉంది. ఎత్తాలని ఎక్కడుంది చూపించు" అన్నాడు. అత్త మళ్లీ నంబరు కొట్టింది, చేసేది లేక రిసీవరు ఎత్తాను. అత్త బల్లకు అటువైపు, నేను ఇటువైపు, మధ్యలో పత్తి మొక్క. "హలో" అన్నాను. "హలో" అంది. "మీ పేరు చెప్పండి." "నా పేరు నీకు తెల్వదారా?" "రిజిస్టరులో రాయాలత్తా, ఫోనులో చెప్పు." చెప్పింది. "మీ సమస్య?" "నా సమస్యనా? మా అన్న కొడుకు" అంది. తర్వాత నిట్టూర్చి, చేను సంగతి మొదటినుంచి చివరిదాకా ఫోనులోనే చెప్పింది. ఫిర్యాదు నంబరు ఇచ్చాను, అరచేతిలో రాసుకుంది. మేడం ఎదురుగా ఉండటంతో సాహెబ్‌కు హుషారు పుట్టి, స్వయంగా కంప్యూటరు ముందు కూర్చుని, గనిని గని దగ్గరికి పంపి, చేనును చేనుగా మార్చారు. సాయంత్రంలోగా పత్తి నమోదైంది. అత్త మొక్కను అక్కడే వదిలి, తువ్వాల మాత్రం మడత పెట్టి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మా వెబ్‌సైటుకు బహుమతి వచ్చింది. ప్రశంసాపత్రాన్ని చట్రం కట్టించి బీరువా పైన గోడకు తగిలించారు. కాకా అన్నట్టే ఎత్తిన ఫోను నాదైంది. మిగిలిన నెలలన్నీ నేనే ఎత్తాను. మాజ్రి అనే ఊరి నుంచి ఒకాయన, "ఎత్తిండ్రా!" అని నిర్ఘాంతపోయి, ఎందుకు చేశాడో మరిచిపోయి పెట్టేశాడు. మర్నాడు కాగితం మీద రాసుకుని మళ్లీ చేశాడు. ఒప్పందం ముగిసి బయటికొచ్చే రోజు ఆ ఫోను మోగుతూనే ఉంది. కాకా వంక చూస్తే ఆయన కిటికీ వంక చూస్తున్నాడు.

ఇప్పుడు నాగపూర్‌లో ఒక కంపెనీలో, ఇతరులు చేసిన యాప్‌లలో తప్పులు వెతికే పనిలో ఉన్నాను. మొన్న కోర్పనా వెళ్తే అత్త తన ఫోను నా చేతికిచ్చింది. ఇన్నేళ్ల తర్వాత సర్కారు నుంచి మెసేజి వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తారు, అని. నేను చదివి వినిపించి, ఎన్ని పెట్టమంటావని అడిగాను. అత్త ఆలోచించింది. "ఫోను ఎత్తినోనికి ఐదు ఇయ్యొచ్చు. మూట కట్టి బీరువల పెట్టినోనికి ఒక్కటే. ఇద్దరు నువ్వేనాయె. నడుమ మూడు పెట్టు" అంది. మూడు నొక్కాను. ధన్యవాదాలు అని వచ్చి, నొక్కిందంతా మాయమైపోయింది. నూటికి తొంభై ఎనిమిది వేసి కాలరెగరేసిన ఆ కుర్రాణ్ని తలుచుకుని నవ్వుకుంటుండగా, అత్త లోపలికెళ్లి, చెయ్యి కడుక్కొమ్మని ఆ ఎర్ర అంచు తువ్వాలే తెచ్చి నా భుజం మీద వేసింది.